కారుకీ ట్రాక్టరుకీ పనికొచ్చే గట్టి జంపర్ కేబుల్: కొనేటప్పుడు ఏం చూడాలి, సొంతంగా ఎలా చేయించుకోవాలి

రెండేళ్ళ కిందట వరి కోతలప్పుడు మా బాబాయి ట్రాక్టరు పొలంలోనే ఆగిపోయింది. రాత్రి లైటు స్విచ్ ఆపడం మర్చిపోయారు, పొద్దున్నకి బ్యాటరీ పూర్తిగా డౌన్. నేను కారు గట్టు దాకా తీసుకెళ్ళి ఆన్‌లైన్‌లో కొన్న జంపర్ కేబుల్ (బాగున్న బండి బ్యాటరీ నుంచి ఆగిన బండికి కరెంటు ఇచ్చే క్లిప్పుల వైర్ల సెట్టు) తగిలించాను. ప్యాకెట్ మీద 1000 ఆంప్స్ అని పెద్ద అక్షరాలతో ఉంది. సెల్ఫ్ కొడితే టక్ టక్ మని చప్పుడు తప్ప ఇంజను తిరగలేదు, మూడోసారి కొట్టేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, నల్ల వైరు క్లిప్పు దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఇంటికొచ్చి ఆ వైరు కోసి చూస్తే పైన బొటనవేలంత లావు తొడుగు, లోపల పెన్సిల్ ములుకు కంటే కాస్త లావు తీగ. ఆ తీగ పోగుని బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడింది. అంటే అది రాగి కూడా కాదు, పైన రాగి పూత పూసిన అల్యూమినియం.

ఆ వారంలోనే సొంతంగా ఒక సెట్టు చేయించుకున్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను, మా వీధిలో సగం బండ్లు దాంతోనే స్టార్ట్ అయ్యాయి. చేయించుకోవడం పెద్ద విద్యేమీ కాదు, కానీ ఎక్కడ రాజీ పడకూడదో తెలియాలి.

ముందు లెక్క చూద్దాం, ఇది అర్థమైతే షాపులో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ కొట్టినప్పుడు 100 నుంచి 150 ఆంప్స్ లాగుతుంది, డీజిల్ కారు 200 పైన, ట్రాక్టరు 300, 400 దాకా కూడా పోతుంది. ఇంత కరెంటు వైరులో పారేటప్పుడు ఆ వైరు కొంత వోల్టేజీ తినేస్తుంది. ఇంట్లో 230 వోల్టుల్లో రెండు వోల్టులు పోతే ఎవరికీ తెలియదు, కానీ మన దగ్గర ఉన్నవే 12, సెల్ఫ్ కొట్టే క్షణంలో బాగున్న బ్యాటరీ కూడా 11కో ఇంకా కిందకో దిగుతుంది, అందులో వైరు మూడు వోల్టులు తినేస్తే ఇక సెల్ఫ్ మోటారు చేతికి ఏం మిగులుతుంది?

మూడు మీటర్ల సెట్టు అంటే ఎర్ర వైరు మూడు, నల్ల వైరు మూడు, కరెంటు మొత్తం ఆరు మీటర్లు తిరగాలి. అచ్చమైన రాగి అయితే, 200 ఆంప్స్ దగ్గర, 6 స్క్వేర్ ఎంఎం (అంటే తొడుగు కాకుండా లోపలి తీగ అడ్డకోత వైశాల్యం) వైరు దాదాపు 3.4 వోల్టులు మింగుతుంది. 16 స్క్వేర్ ఎంఎం అయితే 1.3 వోల్టులు, 25 అయితే 0.8, 35 అయితే 0.6, 50 అయితే 0.4. రాగి పూత అల్యూమినియం అయితే ఇవే అంకెలు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు వేసుకోండి. నా పాత కేబుల్‌లో ఉన్నది బహుశా 6 స్క్వేర్ ఎంఎం, అదీ అల్యూమినియం, కాబట్టి దాని గుండా ట్రాక్టరుకి కావలసిన కరెంటు ఏ లెక్కనా వెళ్ళదు. ప్యాకెట్ మీద 1000 రాసినా 2000 రాసినా మారేదేమీ లేదు. ఆ అంకెకి అర్థం లేదు, ఎంతసేపు, ఎంత వోల్టేజీ పడిపోతూ అన్నది చెప్పకుండా ఆంప్స్ అని రాస్తే అది ఎవరైనా రాయొచ్చు.

కాబట్టి నా మాట: పెట్రోల్ కార్లు మాత్రమే అయితే 16 సరిపోతుంది కానీ 25 తీసుకోండి. డీజిల్ కారు, బొలెరో లాంటివి ఉంటే 25 తప్పనిసరి, 35 అయితే నిశ్చింత. ట్రాక్టరు, హార్వెస్టరు, లారీ ఉన్నవాళ్ళు 50కి వెళ్ళండి. పొడవు మూడు మీటర్లు చాలు. ట్రాక్టరు, లారీల్లో బ్యాటరీ ఎక్కడో పక్కన ఉంటుంది, బండి దగ్గరగా పెట్టే వీలుండదు, అలాంటివాళ్ళకి ఐదు మీటర్లు కావాలి, కానీ పొడవు పెంచినప్పుడు సైజు కూడా ఒక మెట్టు పెంచాల్సిందే. ఐదు మీటర్ల సెట్టులో 300 ఆంప్స్ పారితే 50 స్క్వేర్ ఎంఎం రాగి కూడా ఒక వోల్టు తింటుంది.

రెడీమేడ్ కొనేవాళ్ళకి నేను చెప్పే మొదటి పరీక్ష తూకం. వైరు లావు చూసి మోసపోవచ్చు, తూకం దగ్గర కుదరదు. 25 స్క్వేర్ ఎంఎం రాగి మీటరుకి 220 గ్రాముల పైన తూగుతుంది, ఆరు మీటర్లంటే రాగి ఒక్కటే 1.3 కిలోలు, పైన తొడుగు, నాలుగు క్లిప్పులు కలిపితే రెండు కిలోల దాకా రావాలి. 35 అయితే రాగి ఒక్కటే 1.9 కిలోలు. మీరు చూస్తున్న సెట్టు మొత్తం బరువు 700 గ్రాములుంటే లోపల ఏముందో కోసి చూడక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా కింద ఐటమ్ వెయిట్ అని రాసి ఉంటుంది, అది చూడండి, చాలాసార్లు అక్కడే నిజం బయటపడుతుంది. రెండో పరీక్ష గీకడం: ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల కూడా ఎర్రగానే ఉండాలి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే కంగారు పడొద్దు, అది తగరం పూత పూసిన రాగి, తుప్పు పట్టకుండా పూస్తారు, మంచిదే. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే వదిలేయండి.

ఒక తికమక కూడా చెప్పాలి. వైరు మీద సీసీఏ అని ఉంటే కాపర్ క్లాడ్ అల్యూమినియం, అంటే పైన చెప్పిన పూత వైరు. బ్యాటరీ మీద సీసీఏ అని ఉంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, అంటే చలిలో ఆ బ్యాటరీ సెల్ఫ్‌కి ఇవ్వగల కరెంటు, అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది. రెండూ ఒకే మూడు అక్షరాలు కావడంతో "సీసీఏ ఉంది కదా, పవర్ ఎక్కువ" అని కేబుల్ కొన్నవాళ్ళని చూశాను.

ఇక చేయించుకోవడం. అడగాల్సిన వస్తువు వెల్డింగ్ కేబుల్. హైదరాబాద్ వైపు వాళ్ళకి రాణీగంజ్‌లో, విజయవాడ వాళ్ళకి ఆటోనగర్‌లో, మిగతా ఊళ్ళలో వెల్డింగ్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. వెల్డింగ్ కేబులే ఎందుకంటే, అందులో వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు వందల్లో ఉంటాయి, 0.2 మి.మీ. పోగుతో చేసిన 25 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో దాదాపు 800 పోగులు, కాబట్టి తాడులా మెత్తగా చుట్టుకుంటుంది, పదే పదే వంచినా తెగదు. పైన రబ్బరు తొడుగు ఎండకి, వేడికి తట్టుకుంటుంది. పీవీసీ తొడుగు వేడికి మెత్తబడుతుంది, రబ్బరు అలా కాదు. తొడుగు మీద ఐఎస్ 9857 అని, సైజు, కంపెనీ పేరు అచ్చు వేసి ఉన్నది తీసుకోండి, అది వెల్డింగ్ కేబుల్‌కి ఉన్న భారతీయ ప్రమాణం. ఒక్క జాగ్రత్త, వెల్డింగ్ కేబుల్ అల్యూమినియంలో కూడా వస్తుంది, చవక కాబట్టి షాపువాడు ముందు అదే చూపిస్తాడు. "కాపర్ కావాలి" అని నోరు తెరిచి చెప్పండి, కోసిన చివర చూడండి, అక్కడే గీకి చూడండి, ఏమీ అనుకోరు. ఎరుపు, నలుపు రెండు రంగులు దొరికితే సరే, దొరకకపోతే ఒకే రంగు తీసుకుని రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టుకోండి.

పల్లెల్లో ఉన్నవాళ్ళు నన్ను తరచూ అడిగేది, బోరు మోటారుకి వాడిన ఫ్లాట్ కేబుల్ ముక్క మిగిలింది, అది పనికొస్తుందా అని. పనికొస్తుంది, కొంతవరకు. అందులో మూడు కోర్లు ఉంటాయి, మూడింటినీ రెండు చివర్లా కలిపేస్తే 4 స్క్వేర్ ఎంఎం కేబుల్ 12 అవుతుంది, 6 అయితే 18 అవుతుంది. రాగిదై ఉండాలి, రెండున్నర మీటర్లకి మించకూడదు, అప్పుడు పెట్రోల్ కారు హాయిగా స్టార్ట్ అవుతుంది. ట్రాక్టరుకి దాన్ని నమ్ముకోవద్దు. స్తంభం నుంచి ఇంటికి లాగే అల్యూమినియం సర్వీస్ వైరుని మాత్రం జంపర్‌గా వాడకండి, చివర్లు బ్యాటరీ మీద చేత్తో నొక్కి పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను, నిప్పురవ్వలు లేచేది సరిగ్గా బ్యాటరీ మూతల పక్కనే.

వైరు ఎంత మంచిదైనా క్లిప్పు దగ్గర అంతా పాడవుతుంది, నిజానికి నేను ఎక్కువ కేబుళ్ళు పోయింది చూసింది అక్కడే. ఛార్జర్ కోసం అమ్మే చిన్న మొసలి క్లిప్పులు 30, 50 ఆంప్స్‌కి చేసినవి, వాటిని ముట్టుకోవద్దు. పెద్ద సైజు, దవడలు రాగివో ఇత్తడివో అయి ఉండాలి, అయస్కాంతం అంటుకుంటే అది పూత పూసిన ఇనుము. స్ప్రింగ్ గట్టిగా ఉండాలి, ఒక చేత్తో తెరవడానికి కష్టపడేంత. అన్నిటికన్నా ముఖ్యం, క్లిప్పుకి రెండు దవడలు ఉంటాయి కదా, చాలా క్లిప్పుల్లో వైరు ఒక దవడకే తగిలి ఉంటుంది, రెండోది ఊరికే పట్టుకోవడానికి, కరెంటు దాని గుండా పోవాలంటే స్ప్రింగ్ గుండా పోవాలి. మంచి క్లిప్పులో రెండు దవడల్నీ కలుపుతూ రాగి అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది. లేకపోతే అదే వెల్డింగ్ కేబుల్ ముక్క కొంత తీసి, రెండు వైపులా లగ్గు (వైరు చివర నొక్కి బిగించే, బోల్టు రంధ్రం ఉన్న రాగి ముక్క) వేసి, దవడ నుంచి దవడకి బోల్టుతో మీరే కలపొచ్చు. పావుగంట పని, తేడా మాత్రం చాలా ఉంటుంది.

వైరు చివరని క్లిప్పుకి ఎలా బిగించాలి అన్నదాంట్లో చాలామంది సోల్డరింగ్ వైపు వెళ్తారు. నేను వద్దంటాను. మామూలు సీసం సోల్డర్ 190 డిగ్రీలకే కరుగుతుంది, జాయింటు వేడెక్కిందంటే వైరు జారిపోయి ఊడొస్తుంది, పైగా సోల్డర్ పోగుల్లోకి పాకి ఆ చోట వైరుని పుల్లలా బిరుసు చేస్తుంది, కొన్నాళ్ళకి సరిగ్గా అక్కడే తెగుతుంది. రాగి ట్యూబ్ లగ్గులు తీసుకోండి, 25 వైరుకి 25 లగ్గే, బోల్టు రంధ్రం క్లిప్పుకి సరిపోయేది, సాధారణంగా 8 మి.మీ. ఇక్కడ కూడా అల్యూమినియం లగ్గు అంటగట్టకుండా చూసుకోండి. లగ్గుని సుత్తితో కొట్టి నొక్కకండి, ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు చేసేవాళ్ళ దగ్గర హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ ఉంటుంది, నాలుగు లగ్గులు నొక్కించుకోవడానికి ఐదు నిమిషాలు. నొక్కాక లగ్గు పట్టుకుని ఒళ్ళంతా బలం పెట్టి లాగండి, ఒక్క పోగు కూడా జరగకూడదు. పోగులు కత్తిరించి లగ్గులో పట్టించేవాళ్ళు ఉంటారు, అలా చేయనివ్వద్దు, పోగులు పోయాయంటే సైజు తగ్గినట్టే. తర్వాత లగ్గు మెడ మీద హీట్ ష్రింక్ తొడుగు (వేడికి ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) వేసి వేడి చేయండి, ఆ తర్వాతే స్ప్రింగ్ వాషరుతో క్లిప్పుకి బిగించండి.

చేయించాక సరిగ్గా వచ్చిందో లేదో ఊహించుకోనక్కర్లేదు, కొలవొచ్చు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు 55 వాట్ల హెడ్‌లైటు బల్బులకి, మధ్యలో మీ కేబుల్ ఒక్కటి వచ్చేలా కలపండి, దాదాపు 9 ఆంప్స్ పారుతుంది. అప్పుడు మీటరుని మిల్లీవోల్టుల్లో పెట్టి కేబుల్ ఈ చివర దవడకీ ఆ చివర దవడకీ మధ్య కొలవండి. మూడు మీటర్ల 25 స్క్వేర్ ఎంఎం రాగికి 18, 19 మిల్లీవోల్టులు రావాలి, రెండు క్లిప్పులకి ఇంకో రెండు మూడు కలుపుకోండి. 40 వచ్చిందంటే వైరు రాగి కాకపోయి ఉండాలి లేదా ఏదో లగ్గు వదులుగా ఉండాలి. ఎక్కడో తెలుసుకోవాలంటే ఒక ప్రోబు దవడ మీద, ఇంకోటి వైరులోకి గుచ్చిన గుండుసూది మీద పెట్టి ఒక్కో చివర విడిగా చూడండి. నాది మొదటిసారి ఒక వైపు 12 ఎక్కువ చూపించింది, బోల్టు విప్పి చూస్తే లగ్గుకీ దవడకీ మధ్య పెయింటు ఉంది, గీకి బిగించాక సరిపోయింది.

వాడే పద్ధతి చాలామందికి తెలుసు, అయినా వరుస తప్పుతారు. ముందు ఆగిన బండి బ్యాటరీని చూడండి: ఉబ్బినా, కారినా, నీళ్ళు అడుగంటినా జంప్ చేయొద్దు. రెండు బండ్లూ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. ఎర్రది ఆగిన బండి ప్లస్‌కి, ఎర్రది రెండో చివర బాగున్న బండి ప్లస్‌కి, నల్లది బాగున్న బండి మైనస్‌కి, చివరి నల్ల క్లిప్పు మాత్రం ఆగిన బండి బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజను మీద పెయింటు లేని ఇనుము దగ్గర. ఆఖరి క్లిప్పు తగిలేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ మీద హైడ్రోజన్ ఉంటుంది, అది అంటుకుంటే యాసిడ్ మొహం మీదకి వస్తుంది. కళ్ళజోడు పెట్టుకోమని బతిమాలి చెబుతున్నాను. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది, వాటికి కంపెనీ చూపించిన ఎర్త్ బోల్టే వాడాలి, బాగున్న బండి ఇంజను నడపాలా ఆపాలా అన్నది కూడా మాన్యువల్‌లో చూడండి. నడపమంటే ఐదు, పది నిమిషాలు నడవనివ్వండి. ఆగిన బ్యాటరీ కొంచెం ఎక్కిందంటే కేబుల్ మీద భారం తగ్గుతుంది. సెల్ఫ్ పది సెకన్లకి మించి కొట్టకండి, ఒక నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. తీసేటప్పుడు వరుస సరిగ్గా తిరగేయండి.

లారీది 24 వోల్టులు, కారుది 12, ఈ రెండింటినీ కలపొద్దు, కారు ఎలక్ట్రానిక్స్ అక్కడికక్కడే పోతాయి. ట్రాక్టరు వాళ్ళకి ఇంకో మాట. కింద నిలబడి సెల్ఫ్ మోటారు టెర్మినళ్ళని స్క్రూడ్రైవరుతో కలిపి డైరెక్టుగా స్టార్ట్ చేయడం అలవాటు కొందరికి. బండి గేరులో ఉందంటే స్టార్ట్ అయిన క్షణంలో మనిషి మీదకి ఎక్కేస్తుంది, టైరు ముందు నిలబడి ఉంటాం కాబట్టి తప్పుకునే వీలు కూడా ఉండదు. సీట్లో కూర్చునే స్టార్ట్ చేయండి. బండి స్టార్ట్ అయ్యాక డైనమో పనిచేస్తోందో లేదో చూడ్డానికి నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే మెకానిక్కులు ఇంకా ఉన్నారు, పాత అంబాసిడర్ రోజుల అలవాటు అది, ఇప్పటి బండ్లలో అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారి ఎగిసి ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) కాలిపోవచ్చు. మీటరు పెట్టి చూస్తే 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగున్నట్టే.

అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్ళకి కొలతలు వేరుగా ఉంటాయి. అక్కడ గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది: 4 గేజ్ అంటే 21 స్క్వేర్ ఎంఎం, 2 గేజ్ అంటే దాదాపు 34, 1/0 అంటే 53. మిన్నెసోటా లాంటి చోట మైనస్ ఇరవైలో పీవీసీ తొడుగు కర్రలా బిగుసుకుపోతుంది, వంచితే పగులుతుంది, కాబట్టి అక్కడ రబ్బరు తొడుగు వెల్డింగ్ కేబులే కొనండి, ఇంజను ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ ఇంకా ఎక్కువ లాగుతుంది కనుక 2 గేజ్ కంటే సన్నది వద్దు. బ్యాటరీ గడ్డకట్టి ఉంటే ముందు ఇంట్లో పెట్టి కరగనివ్వాలి, గడ్డకట్టిన బ్యాటరీకి జంప్ ఇస్తే పగిలిపోతుంది.

మన దగ్గర చలి కంటే ఎండే బ్యాటరీని తినేస్తుంది, మే నెల వేడికి లోపల పాడై, డిసెంబరు తెల్లవారుజామున బయటపడుతుంది. అందుకే నేను కేబుల్‌ని సంక్రాంతి ప్రయాణం ముందు ఒకసారి బయటికి తీసి చూస్తాను: దవడల పళ్ళ మీద పచ్చటి పొడి పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్ది, బోల్టులు ఒకసారి స్పానరుతో బిగించి, వదులుగా చుట్టి, చేతి గ్లవ్స్, కళ్ళజోడు, టార్చితో కలిపి ఒక గోనె సంచిలో వేసి వెనక సీటు కింద పెడతాను. డిక్కీలో పెట్టి పైన లగేజీ వేస్తే, అవసరం పడ్డ రాత్రి లగేజీ మొత్తం రోడ్డు మీద దించాలి.